మెటారైజియం కల్చర్ తెల్లబడి స్పోర్లు తగ్గితే ఏ జన్యువును అనుమానించాలి?

శేషాచలం_ల్యాబ్
తిరుపతి పక్కన వేరుశనగ చేలో వేరుపురుగు మీద దొరికిన మెటారైజియం (పురుగుల్ని చంపే బూజు) ఐసోలేట్ ఇది. మొదట్లో పీడీఏ (బంగాళాదుంప, చక్కెర కలిపిన అగార్) ప్లేటు నిండా ముదురు పచ్చ. ఇప్పుడు కాలనీ మధ్య నుంచి అంచు దాకా తెల్లటి పాయలు చీలి దూదిలా పైకి లేస్తున్నాయి. ప్లేటుకు వచ్చే స్పోర్లు (బూజు విత్తనాల్లాంటివి) దాదాపు వందో వంతుకు పడిపోయాయి. మూడో దశ పొగాకు లద్దెపురుగును 1×10⁷ స్పోర్లు/మి.లీ. ద్రావణంలో ముంచితే చావులు సగానికి తగ్గాయి. చచ్చినవాటి మీద కూడా పచ్చ సరిగా కట్టడం లేదు.

స్పోర్లు తయారయ్యే దారిలో బ్రిల్-ఏ, అబా-ఏ, వెట్-ఏ జన్యువులు వరసగా ఉంటాయి కదా, అందులో ఒకటి దెబ్బతిందని అనుమానం. మూడింటికీ ప్రైమర్లు (ఆ జన్యువును పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఆర్డర్ పెట్టి క్యూపీసీఆర్ (జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్ష) చేద్దామని ఉంది. అసలు స్పోర్లు తగ్గడానికీ, చంపే శక్తి తగ్గడానికీ మూలం ఒకటేనా, వేర్వేరా?

పచ్చబూజు
ప్రైమర్లు కాస్త ఆపు. ఆ తెల్లది నీ మెటారైజియమేనా అన్నది ముందు తేలాలి. తెల్ల పాయ నుంచి, పచ్చ భాగం నుంచి విడివిడిగా డీఎన్ఏ తీసి జాతుల్ని విడదీసి చూపే టెఫ్-1 ఆల్ఫా జన్యువు 5 ప్రైమ్ వైపు (మొదటి వైపు) భాగం సీక్వెన్స్ చేయించు. ఐటీఎస్ (బూజుల గుర్తింపుకు మామూలుగా చూసే డీఎన్ఏ భాగం) ఒక్కటే చూస్తే మెటారైజియంలో దగ్గరి జాతులు విడిపడవు. రెండింటికీ అక్షరం తేడా లేదంటే అప్పుడు బ్రిల్-ఏ మాట మాట్లాడదాం.

పీలేరు_శెనక్కాయ
నల్లులు (మైట్లు) ఉండాయేమో కూడా చూడబ్బా. స్టీరియో మైక్రోస్కోప్ కింద ప్లేటు అంచులు, పారాఫిల్మ్ మడతలు వెతుకు. ప్లేటు నుంచి ప్లేటుకు పాకతా వేరే బూజుల్ని మోసకొస్తాయవి. కాలనీ బయట చిన్న చిన్న చుక్కలు దారి కట్టినట్టు మొలిచి ఉంటే అదే గుర్తు. అట్లాంటి ప్లేట్లు తెరవకుండానే ఆటోక్లేవ్‌లో వేసెయ్.

శేషాచలం_ల్యాబ్
టెఫ్ సీక్వెన్స్ అయింది అన్నా, రెండూ ఒకటే. నల్లులు లేవు. ప్లేటు నుంచి ప్లేటుకు 5 మి.మీ. అగార్ ముక్క కోసి మారుస్తాం, ఎప్పుడూ అదే పద్ధతి.

క్యూటికిల్
సగం సమస్య ఆ ముక్కలోనే ఉంది. అగార్ ముక్కతో ముందుకు పోయేది ఎక్కువగా మైసీలియం (బూజు దారాలు). స్పోర్లు కట్టకుండా వేగంగా పాకే భాగానికి ప్రతి మార్పులోనూ లాభమే. పచ్చని చోట నుంచి పొడి స్పోర్లు మాత్రమే తీసి మారిస్తే, స్పోర్లు కట్టలేనిది అక్కడితో ఆగిపోతుంది.

ఇక మీరడిగినదానికి. బ్రిల్-ఏ అబా-ఏను, అబా-ఏ వెట్-ఏను లేపుతాయి. ఈ వరస మొదట తేలింది ఆస్పర్జిల్లస్ నిడ్యులన్స్‌లో. పురుగుల్ని చంపే ఇంకో బూజు బవేరియా బాసియానాలో బ్రిల్-ఏ గానీ అబా-ఏ గానీ తీసేస్తే కోనిడియా (స్పోర్లు) ఆగిపోవడంతో పాటు, పురుగు రక్తంలో ఈస్టు కణాల్లా మొగ్గ తొడిగే హైఫల్ బాడీలు కూడా ఏర్పడవని 2019లో చూపించారు. ఆ హైఫల్ బాడీలే రక్తంలో పెరిగి పురుగును నింపేవి. కాబట్టి ఈ రెండు జన్యువుల దగ్గర స్పోర్లూ చంపే శక్తీ కలుస్తాయి. వెట్-ఏ పని ఆఖరున ఉంటుంది. స్పోరు గోడ ముదరడం, ట్రెహలోజ్ నిల్వ కావడం, వేడినీ అతినీలలోహిత కిరణాలనీ తట్టుకోవడం దాని మీద ఆధారపడ్డాయి.

కానీ మీ ప్లేటులో వందో వంతైనా వస్తున్నాయి. బ్రిల్-ఏ పూర్తిగా పోతే ఒక్కటీ రాకూడదు. అందుకే జన్యువు ఉంది, దాన్ని లేపే పైవాళ్లు మందగించారని నేను అనుకుంటాను. ఫ్లూ-జీ, ఎఫ్ఎల్‌బీ వర్గం, వెల్వెట్ ప్రొటీన్లు అన్నీ బ్రిల్-ఏకి పైన ఉండేవే.

పచ్చబూజు
అక్కా, ఆ లెక్క ఒకచోట నిలవదు. కాలనీలో కేంద్రకాలన్నీ ఒకటే అయితేనే "పూర్తిగా పోతే ఒక్కటీ రాదు" అనొచ్చు. మ్యుటేషన్ పడ్డ కేంద్రకాలూ, పడనివీ కలిసి ఉంటే మంచివాటి వల్ల వందో వంతు వస్తుంది. మెటారైజియంలో పురుగు చర్మాన్ని కరిగించే పీఆర్1 ప్రొటియేజ్ జన్యువులు తమంతట తామే ఊడిపోయిన మ్యూటెంట్లు 2002లోనే బయటపడ్డాయి. క్యూపీసీఆర్ దాకా ఎందుకు, మామూలు పీసీఆర్‌తో బ్యాండ్ (జన్యువు ఉంటే జెల్ మీద కనిపించే గీత) ఉందా లేదా చూస్తే చాలు.

క్యూటికిల్
ఒప్పుకుంటా, కలగాపులగం కాలనీ మీద ఏ లెక్కా నిలవదు. అందుకే ముందు సింగిల్ స్పోర్ కల్చర్లు కావాలి. కానీ అన్నిటికీ మ్యుటేషనే కారణం అనడం సరి కాదు. మెటారైజియం సెక్టర్లను (ఇలా చీలే పాయల్ని) వయసు ముదిరిన లక్షణంగా 2005లో వివరించారు. 2008లో అదే సెక్టర్లలో మైటోకాండ్రియా డీఎన్ఏకి గ్లైకేషన్ దెబ్బ, ఆక్సీకరణ ఒత్తిడి కనిపించాయి. అలాంటప్పుడు మీరు పీఆర్1 బ్యాండు కోసం చూస్తే బ్యాండు చక్కగా వస్తుంది, కల్చర్ మాత్రం పాడయ్యే ఉంటుంది.

మదనపల్లె_టమాటా
మధ్యలో వస్తున్నా. బవేరియా పొడి కొట్టినా టమాటా ఆకు తొలిచే ఊజీ పురుగు తగ్గడం లేదని మా వైపు రైతులు అంటా ఉండారు. ప్యాకెట్లో కూడా ఇట్లా తెల్లబడిన కల్చరే వస్తా ఉందా?

రేణిగుంట_ఎండ
అది ఒక్కటే కారణం అనలేం. బవేరియా ప్యాకెట్ మీద గ్రాముకు కనీసం 1×10⁸ సీఎఫ్‌యూ (కాలనీ కట్టగల బతికిన స్పోర్లు) ఉండాలి. గోడౌన్‌లో మన మే నెల వేడికి ఆ అంకె పడిపోతుంది. చాలా బవేరియా ఐసోలేట్లకు 25 నుంచి 28 డిగ్రీలు అనుకూలం, 35 దాటితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. పైగా టమాటా మీద మాంకోజెబ్ (బూజు తెగుళ్ల మందు) అదే ట్యాంకులో కలిపి కొడుతున్నారు, అది ఈ బూజును కూడా చంపేస్తుంది. రెండింటికీ మధ్య కనీసం వారం ఎడం ఇవ్వండి. సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ఊజీ లార్వా ఆకు పొరల మధ్యకు దూరాక స్పోరు దాని ఒంటికి అంటదు. గుడ్డు పగిలి లార్వా బయట తిరిగే కాస్త సమయమే మనకు దొరికేది.

పలమనేరు_పట్టు
మీరంతా చంపే శక్తి పెంచాలని చూస్తా ఉండారు, పట్టుపురుగుల సంగతి ఎవరూ ఎత్తడం లేదే! పట్టుపురుగు తెల్లగా గట్టిపడి చచ్చే సున్నపుకట్టు తెగులు తెచ్చేది ఈ బవేరియానే కదా. పక్క టమాటా తోటలో కొడితే గాలికి మల్బరీ ఆకు మీద పడదా? 1835లో ఇటలీ శాస్త్రవేత్త బస్సీ ఈ బూజును పట్టుకున్నది కూడా పట్టుపురుగుల మీదే.

క్యూటికిల్
న్యాయమైన భయమే. పట్టు షెడ్లు, మల్బరీ తోటలు ఉన్న చోట బవేరియా కొట్టకపోవడమే మంచిది. మెటారైజియం కూడా పట్టుపురుగుకు పచ్చ మస్కార్డిన్ (పచ్చ బూజు కట్టే తెగులు) తెస్తుంది కాబట్టి అది మారిస్తే సరిపోతుందనుకోకూడదు. షెడ్డులో తేమ 90 శాతం దాటి, వేడి 25 డిగ్రీల దగ్గర ఉంటే స్పోర్లకు అంతకన్నా అనుకూలం లేదు. గాలి ఆడేలా చూడండి, పడకల మీద సున్నం పొడి చల్లి తేమ లాగండి. గట్టిపడ్డ పురుగుల్ని తెల్లపొడి రాకముందే ఏరి కాల్చేయండి. తెల్లపొడి కట్టాక ముట్టుకుంటే షెడ్డంతా స్పోర్లు లేస్తాయి.

ఏ పురుగుకు పడుతుంది అన్నది ఒక్క జన్యువుతో కూడా మారగలదు. మెటారైజియం యాక్రిడమ్ మిడత జాతికే పరిమితం. అన్ని రకాల పురుగుల మీద పెరిగే మెటారైజియం రాబర్ట్‌సియై నుంచి మెస్ట్1 అనే ఎస్టరేజ్ జన్యువు తెచ్చి అందులో పెడితే గొంగళి పురుగులకు కూడా పట్టింది, 2011లో. అందుకే జన్యువులు మార్చిన కల్చర్‌ను ఎవరూ తోటలో చల్లి చూడకూడదు.

హీమోలింఫ్
మళ్ళీ అసలు ప్రశ్నకు. "చంపే శక్తి తగ్గింది" అనే మాటలో నాలుగైదు పనులు కలిసిపోయాయి. స్పోరు అంటుకోవాలి, మొలకెత్తాలి, అప్రెసోరియం (చర్మాన్ని నొక్కి తొలిచే ఉబ్బిన కొస) కట్టి చర్మం తొలవాలి, రక్తంలో ఈస్టు రూపానికి మారి రక్తకణాల కంట పడకుండా పెరగాలి, చివరికి శవం నుంచి బయటికి పొడుచుకొచ్చి మళ్ళీ స్పోరు కట్టాలి. ఒక్కో మెట్టుకు ఒక్కో జన్యువు ఉంది. అంటుకోవడానికి హైడ్రోఫోబిన్లు (నీటిని తోసే ప్రొటీన్లు), మెటారైజియంలో మ్యాడ్1 అడ్హెసిన్ (జిగురులాంటి ప్రొటీన్). అదే కుటుంబంలో మ్యాడ్2 ఏమో మొక్క వేరుకు అంటుకునేది. అప్రెసోరియంలో ఒత్తిడికి కొవ్వు బిందువులు కావాలి, వాటిని చుట్టి ఉంచేది ఎంపీఎల్1. రక్తంలో దాక్కోవడానికి కొలాజెన్‌ను పోలిన ఎంసీఎల్1 ముసుగు, అది హీమోలింఫ్ (పురుగు రక్తం) తగిలాకే మొదలవుతుంది.

ఏ మెట్టు విరిగిందో రెండు రకాల బయోఅస్సేతో (పురుగుల మీద చేసే పరీక్షతో) విడదీయొచ్చు. ఒక గుంపును మామూలుగా 0.02 శాతం ట్వీన్-80 (స్పోర్లు నీటిలో కలిసేలా చేసే సబ్బులాంటిది) లో కలిపిన 1×10⁷ ద్రావణంలో 10 సెకన్లు ముంచు. ఇంకో గుంపుకు 1×10⁵ ద్రావణం 5 మైక్రోలీటర్లు కాలి మొదట్లో ఇంజెక్ట్ చెయ్, పురుగుకు 500 స్పోర్లు పడతాయి. రెండింటికీ ఉత్త ట్వీన్ కంట్రోల్ ఉండాలి. ఇంజెక్షన్ కంట్రోల్‌లో చావులు 10 శాతం దాటితే సూది గాయమో బ్యాక్టీరియానో చంపుతోందని, ఆ బ్యాచ్ వదిలెయ్. ఇంజెక్షన్‌తో పచ్చదీ తెల్లదీ సమానంగా చంపి, ముంచితే మాత్రం తెల్లది వెనకబడితే లోపం చర్మం దగ్గర. రెండు పద్ధతుల్లోనూ వెనకబడితే రక్తంలో. 48 గంటల తర్వాత ముందుకాలు గిల్లి ఒక చుక్క రక్తం స్లైడు మీద 400 రెట్లలో చూస్తే హైఫల్ బాడీలు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

పచ్చబూజు
దానికి ముందు మొలక శాతం కూడా. హీమోసైటోమీటర్‌కు (స్పోర్లు లెక్కపెట్టే స్లైడుకు) బతికినవీ చచ్చినవీ ఒకటే. పీడీఏ మీద 25 డిగ్రీల్లో 24 గంటలుంచి, మొలక గొట్టం స్పోరు వెడల్పు దాటినవే లెక్కపెట్టు. తెల్ల పాయ స్పోర్లు 60 శాతమే మొలిస్తే నీ 1×10⁷ నిజానికి 6×10⁶. దాన్ని సరిచేయకుండా ఎల్‌సీ50 (సగం పురుగుల్ని చంపే మోతాదు) పోల్చడం తప్పు.

మీడియా_గది
పీడీఏ గురించి ఎవరూ అడగలేదే. అందులో లీటరుకు 20 గ్రాముల డెక్స్ట్రోజ్. గ్లూకోజ్ నిండుగా ఉంటే క్రీ-ఏ వర్గం రెగ్యులేటర్ పీఆర్1ని అణిచిపెడుతుంది, బూజుకు చర్మం కరిగించే అవసరమే రాదు. మెటారైజియం అనైసోప్లియేలో 2005లో పోల్చి చూశారు. పురుగు శవం మీద కట్టిన స్పోర్లు, 1 శాతం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ లాంటి కార్బన్ తక్కువ మీడియా మీద కట్టిన స్పోర్లు ఎక్కువ చంపాయి, వాటికి అంటుకుని ఉన్న పీఆర్1 కూడా ఎక్కువే. చక్కెర తక్కువైతే స్పోర్ల సంఖ్య తగ్గొచ్చు. అందుకే దిగుబడికి ఒక మీడియా, బయోఅస్సేకి ఒకటి, దాచిపెట్టడానికి ఒకటి పెట్టుకోవాలి. ఒక్క పీడీఏతో అన్నీ కానిచ్చేస్తే ఇట్లాగే అవుతుంది.

వెలుతురు కూడా చూసుకోండి. వెలుతురులో పెరిగిన మెటారైజియం రాబర్ట్‌సియై స్పోర్లు చీకట్లో పెరిగినవాటికన్నా వేడినీ అతినీలలోహిత కిరణాలనీ ఎక్కువ తట్టుకుంటాయి. ఇన్‌క్యుబేటర్‌లో లైటు లేకపోతే స్పోరు మొదటి నుంచే బలహీనం.

శేషాచలం_ల్యాబ్
మా ఇన్‌క్యుబేటర్‌లో లైటు లేదు సార్. మరి క్యూపీసీఆర్ అసలు వద్దంటారా?

క్యూటికిల్
వద్దనను. ఏమి చెబుతుందో తెలుసుకుని చేయండి. తెల్ల పాయలో బ్రిల్-ఏ తక్కువగానే వస్తుంది, ఎందుకంటే అక్కడ స్పోర్లు కట్టడం లేదు. అది ఫలితం, దాన్నే కారణం అనుకోకూడదు. తేడా ఎక్కడ మొదలైందో చూడాలంటే అగార్ మీద స్టెరైల్ సెల్లోఫేన్ పరిచి, 1×10⁷ ద్రావణం 100 మైక్రోలీటర్లు పరిచి, రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా రోజూ ఆర్ఎన్ఏ తీయండి. ఫ్లూ-జీ, ఎఫ్ఎల్‌బీలు ముందే పడిపోయి ఆ తర్వాత బ్రిల్-ఏ పడిందా, లేక అవి మామూలుగా ఉండి బ్రిల్-ఏ ఒక్కటే లేవలేదా అన్నది ఆ వరసలో తెలుస్తుంది. పోలికకు పెట్టే రిఫరెన్స్ జన్యువు యాక్టిన్ ఒక్కటి చాలదు, కనీసం రెండు పెట్టండి. డీఎన్ఏస్ (డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమ్) వేయకపోతే జీనోమిక్ డీఎన్ఏ కూడా పెరిగి అంకెలు మోసం చేస్తాయి.

నాకౌట్_నగరి
బ్రిల్-ఏ మంచి కాపీ ఒకటి తిరిగి పెట్టేస్తే తేలిపోదా? జన్యువును మోసుకెళ్లే బ్యాక్టీరియా, ఆగ్రోబ్యాక్టీరియం ఏజీఎల్-1 తో సులభమే.

పచ్చబూజు
సులభం అనకు తమ్ముడూ. ఆ బ్యాక్టీరియాను ఉసిగొల్పే అసిటోసిరింగోన్ 200 మైక్రోమోలార్, సహపెంపకం 48 గంటలు, తర్వాత సెఫోటాక్సిమ్‌తో బ్యాక్టీరియా చంపడం, ఇంతవరకు సరే. మార్కర్ (జన్యువు చేరిన కాలనీలను ఏరడానికి పెట్టే మందు తట్టుకునే జన్యువు) దగ్గర చాలామంది జారుతారు. బవేరియాకు హైగ్రోమైసిన్ అంతగా పట్టదు, అందుకే బార్ జన్యువు, గ్లూఫోసినేట్ వాడతారు. అది పీడీఏ లాంటి పుష్టి మీడియాలో పని చేయదు, జాపెక్ లాంటి మినిమల్ మీడియాలోనే. సెలక్షన్ ప్లేటు నిండా కాలనీలు వచ్చాయని సంబరపడేది ఇక్కడే. జన్యువు తీసేయాలంటే హోమోలోగస్ రీకాంబినేషన్ (సరిగ్గా అదే చోట డీఎన్ఏ మార్పిడి) తక్కువ కాబట్టి, డీఎన్ఏను ఎక్కడపడితే అక్కడ అతికించే కేయూ70 లేని మూల కల్చర్ ఉంటే మేలు. తీసినదాన్ని తిరిగి పెట్టి పాత గుణం వచ్చిందని చూపించకపోతే ఆ ఫలితం చెల్లదు.

ఇంకొకటి, సంస్థలో బయోసేఫ్టీ కమిటీ అనుమతి లేకుండా ఇది మొదలుపెట్టకూడదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989 నిబంధనలు ల్యాబ్ పనికి కూడా వర్తిస్తాయి.

పీలేరు_శెనక్కాయ
అయితే పీఆర్1 కాపీలు ఎక్కువ పెడితే ఇంకా గట్టిగా చంపతాదా?

క్యూటికిల్
చంపింది, 1996లోనే. పీఆర్1 ఎక్కువ చేసిన మెటారైజియంతో పొగాకు కొమ్ముపురుగు 25 శాతం త్వరగా చచ్చింది, మేత 40 శాతం తగ్గింది. కానీ ఆ ప్రొటియేజ్ రక్తంలో పురుగు సొంత ఫినాల్ ఆక్సిడేజ్‌ను రెచ్చగొట్టి ఒళ్ళంతా నల్లబడింది, ఆ శవాల మీద స్పోర్లు సరిగా కట్టలేదు. త్వరగా చంపేది చేలో తనంత తాను వ్యాపించేది కాకపోవచ్చు. ఏది కావాలన్నది మనం పెట్టుకునే లక్ష్యాన్ని బట్టి ఉంటుంది.

బవేరియాలో ఊస్పోరైన్ చూడండి. ఆ ఎర్ర రంగు పదార్థం ముఖ్యంగా పురుగు చచ్చాకే తయారై శవంలో బ్యాక్టీరియాను అణుస్తుంది, శవం తనకే మిగిలేలా. పురుగు బతికి ఉన్నంతసేపు దాన్ని ఆపి ఉంచే రెగ్యులేటర్లున్నాయి, 2017లో వివరంగా వచ్చింది. ఎప్పుడు ఆపాలో చెప్పే జన్యువులు ఇంత ముఖ్యం.

పలమనేరు_పట్టు
ఇది మాత్రం కొత్త సంగతి మేడం. సున్నపుకట్టు వచ్చిన పురుగు కుళ్ళకుండా ఎందుకు గట్టిపడతాదో ఇప్పుడు తెలిసింది.

శేషాచలం_ల్యాబ్
ఇంజెక్షన్ బయోఅస్సే అయింది. సింగిల్ స్పోర్ నుంచి తీసిన పచ్చ, తెల్ల రెండింటితో చేశాం, మొలక శాతం సరిచేశాం. ఇంజెక్ట్ చేస్తే రెండూ సమానంగా చంపాయి, 48 గంటల స్లైడుల్లో హైఫల్ బాడీలు రెండింట్లోనూ నిండుగా ఉన్నాయి. ముంచితే మాత్రం తెల్లది బాగా వెనక. ఇంజెక్షన్‌తో చచ్చిన శవాలను 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌తో కడిగి తడి ఫిల్టర్ పేపర్ మీద ఉంచితే, తెల్లదాని శవాల్లో చాలావాటి నుంచి బూజు బయటికే రాలేదు.

హీమోలింఫ్
అయితే బ్రిల్-ఏ, అబా-ఏల మీద అనుమానం చాలావరకు తీరినట్టే, రక్తంలో రూపం మారుతోంది కదా. లోపలికి తొలవడం, బయటికి తొలవడం రెండూ పోయాయి. బవేరియాలో ఎంపీకే1 అనే మ్యాప్ కైనేజ్ (కణంలో సంకేతాలు మోసే ఎంజైమ్) తీసేసినప్పుడు అచ్చం ఇదే వచ్చింది, 2010లో. ఇంజెక్ట్ చేస్తే చంపుతుంది, చర్మం మాత్రం ఏ వైపు నుంచీ దాటలేదు. నీది ఆ జన్యువే అనను, ఆ దారిలో ఎక్కడైనా కావొచ్చు.

ఇప్పుడు అప్రెసోరియం చూడు. స్టెరైల్ ప్లాస్టిక్ పెట్రీ ప్లేటు అడుగున 0.0125 శాతం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లో స్పోర్లు వేసి, 16 నుంచి 24 గంటల తర్వాత మొలిచినవాటిలో ఎన్ని ఉబ్బిన కొస కట్టాయో లెక్కపెట్టు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఎక్కువైతే ఉత్త మైసీలియమే సాగిపోతుంది. అప్రెసోరియం బాగానే కడితే అప్పుడు పీఆర్1. పొడి చేసిన క్యూటికిల్ (పురుగు పైచర్మం) 1 శాతం ఒక్కటే ఆహారంగా 24 గంటలు పెంచి, పైద్రవంలో సక్సినైల్-అలా-అలా-ప్రో-ఫీ-పారానైట్రోఅనిలైడ్ సబ్‌స్ట్రేట్ వేసి పీహెచ్ 8 దగ్గర 405 నానోమీటర్లలో చదువు.

పచ్చబూజు
పీఆర్1ఏ పీసీఆర్ కూడా దాంతోపాటే చెయ్. ఒక్క రోజు పని. బ్యాండ్ లేకపోతే మిగతా వాదన అక్కర్లేదు.

మీడియా_గది
ఈలోపు పచ్చ కల్చర్ కాపాడుకో. 1×10³ స్పోర్లు/మి.లీ. ద్రావణం 100 మైక్రోలీటర్లు పరిస్తే ప్లేటుకు వంద కాలనీల లోపే వస్తాయి. పాయలు లేని పచ్చటివి ఇరవై ఏరి, ఒక్కోదానికి చదరపు సెంటీమీటరుకు స్పోర్లు లెక్కపెట్టు. మంచివాటిని లద్దెపురుగు మీద ఒకసారి పంపి, శవం మీద కట్టిన స్పోర్లనే 15 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80లో చాలా ట్యూబులుగా దాచు. ప్రతి ప్రయోగానికీ కొత్త ట్యూబు తియ్, తీసినది తిరిగి పెట్టకు. కరెంటు నమ్మకం లేకపోతే ఒక సెట్టు ఎండిన సిలికా జెల్ మీద 4 డిగ్రీల్లో, ఇంకో సెట్టు చండీగఢ్ ఎంటీసీసీలో (సూక్ష్మజీవుల కల్చర్లు దాచే కేంద్రంలో) డిపాజిట్.

శేషాచలం_ల్యాబ్
క్యూటికిల్ పొడికి ఏ పురుగు వాడాలి? ప్లాస్టిక్ మీద కాకుండా అసలైన చర్మం మీద చూడాలన్నా ఏది?

హీమోలింఫ్
పొడికి మిడత గానీ లద్దెపురుగు విడిచిన కుబుసం గానీ, ఏదైనా పర్వాలేదు, రెండు కల్చర్లకూ ఒకే బ్యాచ్ ఉండాలి అంతే. చర్మం మీద చూడాలంటే మిడత వెనక రెక్క తీసుకో, పలచగా ఉంటుంది కాబట్టి మైక్రోస్కోప్ వెలుతురు దాటుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 5 నిమిషాలుంచి, స్టెరైల్ నీళ్లతో బాగా కడిగి, 0.8 శాతం నీటి అగార్ మీద పరిచి స్పోర్లు వెయ్. పెరాక్సైడ్ కాస్త మిగిలినా స్పోర్లు మొలవవు, అందుకని కడగడం దగ్గర తొందరపడకు.